పైథాన్ హెల్ప్‌లో క్లాస్ యాట్రిబ్యూట్ల వివరణ: చదివే తీరు, రాసే తీరు

పైథాన్ నేర్చుకునేవారికి మొదటి వారంలోనే పరిచయమయ్యే సాధనం హెల్ప్ ఫంక్షన్. ఇంటర్నెట్ అవసరం లేకుండా, పైథాన్‌తో పాటే వచ్చే ఈ సాధనం ఫంక్షన్ల గురించి, మాడ్యూళ్ల గురించి చక్కగా చెబుతుంది. కానీ ఒక క్లాస్‌లో ఉన్న యాట్రిబ్యూట్ గురించి, అంటే క్లాస్ లోపల పేరు పెట్టి దాచుకున్న విలువ గురించి అడిగితే మాత్రం చాలాసార్లు అడిగినదానికి సంబంధం లేని పెద్ద పాఠం తెర మీదికి వస్తుంది. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో కంప్యూటర్ కోర్సు చదువుతున్న విద్యార్థి ఎవరైనా ఈ చిక్కును ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ఉంటారు. హెల్ప్ ఎందుకు అలా ప్రవర్తిస్తుంది, దాని చేత మనకు కావలసిన వివరణను ఎలా చెప్పించవచ్చు అన్నది ఈ మార్గదర్శిలో అడుగడుగునా చూద్దాం.

ఇక్కడ కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే రాశాను. క్లాస్, డెఫ్, హెల్ప్, ప్రాపర్టీ వంటి పైథాన్ సొంత పదాలను కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మనం పెట్టుకునే పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో ఉండవచ్చు. పైథాన్ 3 మొదటి నుంచీ తెలుగు అక్షరాలతో ఉన్న పేర్లను అంగీకరిస్తుంది. ఒక జాగ్రత్త ఉంది: కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కంటికి కనిపించని ఒక గుర్తును చొప్పిస్తాయి. అది పేరు మధ్యలో పడితే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ చూపుతుంది. తెర మీద పేరు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో తేలడానికి చాలా సమయం పడుతుంది. అందుకే పొల్లుతో అంతమయ్యే పదాన్ని మరో పదంతో కలిపేటప్పుడు మధ్యలో అండర్‌స్కోర్ పెట్టడం మంచిది. ఫైల్ పేరును మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడమే క్షేమం.

మొదటి అడుగు: ఒక చిన్న క్లాస్ రాసుకోవడం

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. బోరు నీటి నమూనాల వివరాలను భద్రపరిచే ప్రోగ్రాం రాస్తున్నామని అనుకుందాం.

క్లాస్ నీటినమూనా:
    """బోరు నుంచి తీసిన నీటి నమూనా."""
    ఫ్లోరైడ్_పరిమితి = 1.5   # లీటరుకు మిల్లీగ్రాముల్లో
    జిల్లా = "నల్లగొండ"

    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, గ్రామం, ఫ్లోరైడ్):
        సెల్ఫ్.గ్రామం = గ్రామం
        సెల్ఫ్.ఫ్లోరైడ్ = ఫ్లోరైడ్

ఈ ఉదాహరణను కావాలనే ఎంచుకున్నాను. 1.5 అన్న అంకె పక్కన కొలమానం లేకపోతే దానికి అర్థమే లేదు. అది లీటరుకు మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా? సిఫారసు చేసిన పరిమితా, తప్పనిసరైతే అనుమతించే పరిమితా? ఈ సంగతి యాట్రిబ్యూట్ పేరులోనూ లేదు, విలువలోనూ లేదు. వివరణలోనే ఉండాలి. ఆ వివరణ మన తర్వాత ఈ కోడ్‌ను వాడేవారి కంట పడాలి.

రెండో అడుగు: క్లాస్ మొత్తానికి హెల్ప్ అడగడం

పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌లో హెల్ప్(నీటినమూనా) అని కొట్టండి. వివరణ ఒక తెరకు మించితే పేజీలుగా వస్తుంది. స్పేస్ నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది, క్యూ అక్షరం నొక్కితే బయటికి వస్తాం. ఆ పాఠాన్ని పైనుంచి కిందికి నిదానంగా చదవాలి, ఎందుకంటే అందులోని ప్రతి శీర్షికకూ ఒక కచ్చితమైన అర్థం ఉంది.

మొట్టమొదట క్లాస్ పేరు, అది ఏ మాడ్యూల్‌లో ఉందో కనిపిస్తాయి. తర్వాత ఆబ్జెక్ట్‌ను తయారు చేయడానికి ఇవ్వవలసిన విలువల పేర్లు, అంటే గ్రామం, ఫ్లోరైడ్ అన్నవి బ్రాకెట్లలో ఉంటాయి. దాని కింద మనం రాసిన డాక్‌స్ట్రింగ్, అంటే క్లాస్ మొదట్లో మూడేసి కోట్ గుర్తుల మధ్య రాసిన వివరణ, ఉన్నది ఉన్నట్టుగా తెలుగులోనే వస్తుంది. ఆపైన ఈ క్లాస్‌లోనే నిర్వచించిన మెథడ్ల జాబితా మొదలవుతుంది. __ఇనిట్__ మెథడ్‌కు మనం ఏ వివరణా రాయలేదు, అయినా దాని కింద ఒక ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తుంది. అది మూల క్లాస్ అయిన ఆబ్జెక్ట్ నుంచి వారసత్వంగా వచ్చిన వాక్యం. మనం సొంతంగా ఒక వాక్యం రాస్తే దాని స్థానంలో మనది వస్తుంది.

మెథడ్ల తర్వాత డేటా డిస్క్రిప్టర్లు (యాట్రిబ్యూట్‌ను చదివే, రాసే తీరును నడిపే ఆబ్జెక్టులు) అన్న శీర్షిక వస్తుంది. ప్రస్తుతానికి అందులో పైథాన్ తనంతట తాను చేర్చిన రెండు పేర్లే ఉంటాయి. చిట్టచివర డేటా, ఇతర యాట్రిబ్యూట్లు అన్న అర్థం వచ్చే శీర్షిక కింద మన క్లాస్ యాట్రిబ్యూట్లు అక్షర క్రమంలో కనిపిస్తాయి:

జిల్లా = 'నల్లగొండ'
ఫ్లోరైడ్_పరిమితి = 1.5

పేరు, విలువ, అంతే. పక్కన రాసుకున్న కామెంట్ జాడ ఎక్కడా లేదు. విలువ మరీ పొడవైనదైతే, అంటే ఒక పెద్ద జాబితానో డిక్షనరీనో అయితే, వరుస సుమారు 70 అక్షరాలకు కుదించుకుపోతుంది. గ్రామం, ఫ్లోరైడ్ అన్న ఇన్‌స్టెన్స్ యాట్రిబ్యూట్లు ఈ జాబితాలో అసలు లేవు. అవి ఆబ్జెక్ట్ తయారైనప్పుడు మాత్రమే పుడతాయి కాబట్టి క్లాస్‌ను చూసే హెల్ప్‌కు వాటి ఉనికి తెలియదు. ఒక ఆబ్జెక్ట్‌ను తయారు చేసి దానినే హెల్ప్‌కు ఇచ్చినా ఫలితం మారదు. అప్పుడు కూడా హెల్ప్ ఆ ఆబ్జెక్ట్‌ను పక్కన పెట్టి దాని క్లాస్ గురించే చెబుతుంది.

అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లను హెల్ప్ చూపదు. అవి లోపలి వాడకానికి అన్న సంప్రదాయాన్ని అది గౌరవిస్తుంది. ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు ఉన్న ప్రత్యేక పేర్లలో చాలావాటిని మాత్రం చూపుతుంది.

మూడో అడుగు: ఒక్క యాట్రిబ్యూట్‌కే హెల్ప్ అడిగితే ఏమవుతుంది

ఇప్పుడు హెల్ప్(నీటినమూనా.ఫ్లోరైడ్_పరిమితి) అని అడగండి. ఫ్లోరైడ్ ఊసే ఉండదు, ఫ్లోట్ అనే అంతర్నిర్మిత క్లాస్ (దశాంశ సంఖ్యల రకం) గురించిన సుదీర్ఘ వివరణ వస్తుంది. దీనికి కారణం హెల్ప్‌లోని లోపం కాదు, పైథాన్ పనిచేసే క్రమం. బ్రాకెట్లలో ఉన్నదాన్ని పైథాన్ ముందుగా విలువ కడుతుంది, ఆ తర్వాతే ఫంక్షన్‌ను పిలుస్తుంది. కాబట్టి హెల్ప్ చేతికి వెళ్లేది 1.5 అన్న అంకె మాత్రమే. అది ఏ క్లాస్ నుంచి, ఏ పేరుతో వచ్చిందో ఆ అంకెకు తెలియదు. అంకెకు సొంత వివరణ లేదు గనుక హెల్ప్ దాని రకాన్ని చూసి ఫ్లోట్ గురించి చెబుతుంది.

విలువ స్ట్రింగ్ అయితే పరిస్థితి మరింత తికమకగా ఉంటుంది. హెల్ప్(నీటినమూనా.జిల్లా) అంటే, హెల్ప్‌కు 'నల్లగొండ' అన్న స్ట్రింగ్ అందుతుంది. స్ట్రింగ్ అందినప్పుడు హెల్ప్ దాన్ని వెతకవలసిన అంశం పేరుగా భావిస్తుంది. ఆ పేరుతో మాడ్యూల్ గానీ, కీవర్డ్ గానీ, పాఠ్యాంశం గానీ ఉందేమోనని వెతికి, ఏ డాక్యుమెంటేషనూ దొరకలేదని చెబుతుంది. ఇదైనా నయం. ఫలితాలను ఏ రూపంలో దాచాలో చెప్పడానికి ఫైల్_రూపం అనే యాట్రిబ్యూట్‌కు "జేసన్" అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో విలువ ఇచ్చి ఉంటే, హెల్ప్ ఏకంగా ఆ పేరున్న ప్రామాణిక మాడ్యూల్ పాఠమంతా చూపుతుంది. అది మన యాట్రిబ్యూట్ వివరణే అని కొత్తవారు పొరబడే అవకాశం ఎంతైనా ఉంది.

యాట్రిబ్యూట్ కింద ఒక స్ట్రింగ్ రాసి వదిలితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఫంక్షన్‌కూ క్లాస్‌కూ అది పనిచేస్తుంది కాబట్టి అడగడం సహజమే. కానీ యాట్రిబ్యూట్ కింద రాసిన స్ట్రింగ్‌ను పైథాన్ కంపైల్ చేసేటప్పుడే వదిలేస్తుంది. ప్రోగ్రాం నడిచే సమయానికి అది ఎక్కడా మిగలదు. ఈ స్ట్రింగ్‌లను భద్రపరచాలన్న ప్రతిపాదన 2000 సంవత్సరంలో పైథాన్ మార్పుల ప్రతిపాదనల (పెప్) వరుసలో 224వ సంఖ్యతో వచ్చింది, తిరస్కరణకు గురైంది. స్ఫింక్స్ వంటి డాక్యుమెంటేషన్ సాధనాలు మూల ఫైల్‌నే చదువుతాయి కాబట్టి అలాంటి స్ట్రింగ్‌లనూ, హాష్ గుర్తు పక్కన కోలన్ పెట్టి రాసిన కామెంట్లనూ వివరణగా తీసుకోగలవు. హెల్ప్ అలా కాదు. అది ప్రధానంగా జ్ఞాపకంలో ఉన్న ఆబ్జెక్టులను చూసి మాట్లాడుతుంది. ఈ తేడా మనసుకు ఎక్కితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది: హెల్ప్‌లో వివరణ కనిపించాలంటే, ఆ వివరణను మోయగల ఆబ్జెక్ట్ ఒకటి క్లాస్‌లో ఉండాలి.

నాలుగో అడుగు: క్లాస్ డాక్‌స్ట్రింగ్‌లో రాయడం

వివరణను మోయడానికి అన్నింటికన్నా నమ్మకమైన చోటు క్లాస్ డాక్‌స్ట్రింగే. డాక్‌స్ట్రింగ్ సంప్రదాయాలను చెప్పే 257వ పెప్ ప్రతిపాదన కూడా క్లాస్ డాక్‌స్ట్రింగ్‌లో బయటివారు వాడే మెథడ్లను, ఇన్‌స్టెన్స్ వేరియబుళ్లను పేర్కొనాలని సూచిస్తుంది.

"""బోరు నుంచి తీసిన నీటి నమూనా.

యాట్రిబ్యూట్లు:
    ఫ్లోరైడ్_పరిమితి: వేరే వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ
        ఫ్లోరైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో.
    గ్రామం: నమూనా తీసిన గ్రామం పేరు.
    ఫ్లోరైడ్: పరీక్షలో తేలిన ఫ్లోరైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో.
"""

ఇది ఏ వెర్షన్‌లోనైనా పనిచేస్తుంది, ఇన్‌స్టెన్స్ యాట్రిబ్యూట్లకు కూడా చోటిస్తుంది. క్లాస్‌కు హెల్ప్ అడిగిన ప్రతిసారీ మొదటి తెర మీదే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో, ఇకపై చెప్పబోయే పద్ధతుల్లో దేన్ని వాడినా వాడకపోయినా ఈ జాబితా మాత్రం ఉండి తీరాలి. కొలమానాన్ని ఎప్పుడూ మొదటి వాక్యంలోనే చెప్పండి. యాట్రిబ్యూట్ పేరునే మళ్లీ వాక్యంగా తిప్పి రాయడం వల్ల చదివేవారికి ఒరిగేదేమీ లేదు.

ఐదో అడుగు: ప్రాపర్టీగా మార్చడం

ఒక్కో యాట్రిబ్యూట్‌కు విడిగా హెల్ప్ అడిగే వీలు కావాలంటే దాన్ని ప్రాపర్టీగా, అంటే యాట్రిబ్యూట్‌లా కనిపిస్తూ లోపల ఒక ఫంక్షన్‌ను నడిపేదిగా రాయవచ్చు. ముందుగా __ఇనిట్__ లో విలువను _ఫ్లోరైడ్ అన్న పేరుతో దాచి, తర్వాత ఇలా రాయాలి:

    @ప్రాపర్టీ
    డెఫ్ ఫ్లోరైడ్(సెల్ఫ్):
        """పరీక్షలో తేలిన ఫ్లోరైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో."""
        రిటర్న్ సెల్ఫ్._ఫ్లోరైడ్

ఇప్పుడు క్లాస్ హెల్ప్‌లో చదవడానికి మాత్రమే వీలున్న ప్రాపర్టీలు అన్న కొత్త శీర్షిక వస్తుంది, దాని కింద ఫ్లోరైడ్ పేరూ దాని వివరణా కనిపిస్తాయి. విలువను మార్చడానికి సెట్టర్ కూడా రాస్తే ఇదే యాట్రిబ్యూట్ డేటా డిస్క్రిప్టర్ల శీర్షిక కిందికి మారుతుంది. సెట్టర్‌లో రాసిన డాక్‌స్ట్రింగ్ మాత్రం కనిపించదు. వివరణను ఎప్పుడూ గెట్టర్ (పైన రాసిన, విలువను తిరిగి ఇచ్చే ఫంక్షన్) నుంచే తీసుకుంటారు కాబట్టి, ఏ విలువలు అనుమతిస్తారో, ఏవి ఇస్తే ఎర్రర్ వస్తుందో అన్న సంగతులను కూడా గెట్టర్ డాక్‌స్ట్రింగ్‌లోనే చేర్చాలి.

హెల్ప్(నీటినమూనా.ఫ్లోరైడ్) అని క్లాస్ ద్వారా అడిగితే మన వివరణ వస్తుంది, ఎందుకంటే క్లాస్ ద్వారా అడిగినప్పుడు పైథాన్ ప్రాపర్టీ ఆబ్జెక్ట్‌నే తిరిగి ఇస్తుంది. అదే నమూనా అనే ఆబ్జెక్ట్ తయారు చేసి హెల్ప్(నమూనా.ఫ్లోరైడ్) అని అడిగితే గెట్టర్ నడిచి, అంకె బయటికి వచ్చి, మళ్లీ ఫ్లోట్ పాఠమే తెర మీదికి వస్తుంది. చేతిలో ఆబ్జెక్ట్ మాత్రమే ఉండి క్లాస్ పేరు గుర్తు లేకపోతే హెల్ప్(టైప్(నమూనా).ఫ్లోరైడ్) అని అడగాలి.

ఆరో అడుగు: స్లాట్లకు వివరణ జోడించడం

వేల సంఖ్యలో నమూనాలు ఉన్నప్పుడు జ్ఞాపకం ఆదా కోసం, ఆబ్జెక్ట్‌కు ఉండగల యాట్రిబ్యూట్ల పేర్లను ముందే ప్రకటించే __స్లాట్స్__ వాడడం పరిపాటి. సాధారణంగా దీనికి పేర్ల జాబితా ఇస్తారు. జాబితాకు బదులు డిక్షనరీ ఇస్తే, పైథాన్ 3.8 నుంచి హెల్ప్ ఆ డిక్షనరీలోని విలువలను వివరణలుగా చూపుతుంది.

    __స్లాట్స్__ = {
        "గ్రామం": "నమూనా తీసిన గ్రామం పేరు.",
        "లోతు": "బోరు లోతు, అడుగుల్లో.",
        "_ఫ్లోరైడ్": "లోపలి వాడకానికి మాత్రమే.",
    }

ఇన్‌స్టెన్స్ యాట్రిబ్యూట్లకు ప్రాపర్టీ రాయకుండానే ఒక్కొక్కదానికీ విడి వివరణ ఇవ్వగలిగే పద్ధతి ఇది, అందుకే నాకు చాలా ఇష్టం. __ఇనిట్__ లో లోతును కూడా తీసుకుని సెల్ఫ్.లోతు = లోతు అని చేర్చుకోవాలి. హెల్ప్(నీటినమూనా.లోతు) అంటే బోరు లోతు అడుగుల్లో అన్న వాక్యం వస్తుంది. అయితే ఆబ్జెక్ట్ తన వివరణను దాచుకునే __డాక్__ ద్వారా నీటినమూనా.లోతు.__డాక్__ అని నేరుగా అడిగితే నన్ (ఏమీ లేదు) అనే వస్తుంది, ఎందుకంటే వివరణ ఉన్నది డిక్షనరీలో. హెల్ప్ దాన్ని వెళ్లి చూస్తుంది, __డాక్__ చూడదు. స్లాట్లలో లేని పేరుకు విలువ ఇవ్వబోతే ఎర్రర్ వస్తుందని, ఒకే పేరును స్లాట్‌గానూ విలువ ఉన్న క్లాస్ యాట్రిబ్యూట్‌గానూ వాడలేమని గుర్తుంచుకోవాలి.

ఏడో అడుగు: స్థిరమైన విలువకే వివరణ తగిలించడం

ఫ్లోరైడ్_పరిమితి సంగతి ఇంకా తేలలేదు. అది అన్ని నమూనాలకూ ఒకటే, కాబట్టి స్లాట్ కుదరదు. ప్రాపర్టీ చేస్తే క్లాస్ ద్వారా విలువ దొరకదు. మామూలు అంకెకు __డాక్__ జోడించబోతే పైథాన్ ఒప్పుకోదు. కానీ ఫ్లోట్ నుంచి మనమే ఒక ఉపక్లాస్ చేసుకుంటే దాని ఆబ్జెక్టులకు సొంత వివరణ ఇవ్వవచ్చు.

క్లాస్ కొలత(ఫ్లోట్):
    పాస్

ఆ తర్వాత నీటినమూనా క్లాస్ లోపల:

    ఫ్లోరైడ్_పరిమితి = కొలత(1.5)
    ఫ్లోరైడ్_పరిమితి.__డాక్__ = "అనుమతించే గరిష్ఠ ఫ్లోరైడ్, లీటరుకు మిల్లీగ్రాముల్లో."

పైథాన్ 3.9లో హెల్ప్‌కు ఒక మంచి మార్పు వచ్చింది. క్లాస్‌లు, ఫంక్షన్లే కాకుండా, తన రకానికి ఉన్న వివరణతో సంబంధం లేకుండా సొంత __డాక్__ ఉన్న ఏ ఆబ్జెక్ట్‌కైనా అది ఆ వివరణను చూపుతుంది. కాబట్టి క్లాస్ మొత్తానికి హెల్ప్ అడిగినప్పుడు 1.5 కింద మన వాక్యం వస్తుంది, ఆ ఒక్క యాట్రిబ్యూట్‌కే అడిగినా అదే వస్తుంది. కొలత అన్నది అంకెలాగే పనిచేస్తుంది, పోల్చవచ్చు, కూడవచ్చు. కూడగా వచ్చే ఫలితం మామూలు ఫ్లోట్ అవుతుంది కాబట్టి వివరణ దానికి అంటుకోదు, అంటుకోకూడదు కూడా. ప్రతి చిన్న స్థిరాంకానికీ ఇది చేయనవసరం లేదు. కొలమానం తప్పుగా అర్థమైతే నష్టం కలిగించే విలువలకు, నీటి నాణ్యత పరిమితులూ పటిక మోతాదుల వంటివాటికి చేస్తే చాలు.

నేమ్‌డ్‌టపుల్, డేటాక్లాస్ వాడేవారికి రెండు మాటలు. నేమ్‌డ్‌టపుల్ ఫీల్డులకు ఇది ఫలానా సంఖ్య గల ఫీల్డు అన్న నిస్సారమైన వివరణ దానంతట అదే వస్తుంది. పైథాన్ 3.5 నుంచి ఆ ఫీల్డు __డాక్__ కు మన వాక్యాన్ని ఇచ్చి మార్చుకోవచ్చు. డేటాక్లాస్‌కు డాక్‌స్ట్రింగ్ రాయకపోతే ఫీల్డుల పేర్లు, రకాలతో ఒక వరుస దానంతట అదే తయారవుతుంది. దాంతో సరిపెట్టుకోకూడదు. 3.14లో ఫీల్డ్ ఫంక్షన్‌కు డాక్ అనే కొత్త పరామితి వచ్చింది, స్లాట్లతో చేసిన డేటాక్లాస్‌లో దానికిచ్చిన వాక్యం హెల్ప్‌లో కనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: బయటి నుంచి చూసి సరిచూసుకోవడం

రాసినది సరిగ్గా కనిపిస్తోందా అని తేల్చుకోవడానికి ఇంటర్‌ప్రెటర్ తెరవనవసరం లేదు. హెల్ప్ వెనుక అసలు పని చేసేది పైడాక్ అనే మాడ్యూల్. ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి, పైథాన్ తర్వాత మైనస్ ఎమ్, పైడాక్, ఆపైన మాడ్యూల్ పేరు, చుక్క, క్లాస్ పేరు కొడితే అదే పాఠం వస్తుంది. చివర మరో చుక్క పెట్టి యాట్రిబ్యూట్ పేరు చేర్చితే, ప్రాపర్టీలకూ స్లాట్లకూ విడి వివరణ కూడా ఇక్కడే చూడవచ్చు.

పైడాక్ వివరణ చూపడానికి ముందు ఫైల్‌ను ఇంపోర్ట్ చేస్తుంది, అంటే ఫైల్ పై స్థాయిలో ఉన్న కోడ్ అంతా నడుస్తుంది. అక్కడ డేటాబేస్‌లో రాసే వరుసలు గానీ, నమూనా ఫలితాలను తుడిచే వరుసలు గానీ ఉంటే అవీ నడుస్తాయి. అలాంటివాటిని మాడ్యూల్ పేరు __మెయిన్__ అవునో కాదో చూసే ఇఫ్ లోపల పెట్టిన తర్వాతే పైడాక్ వాడండి. ఇంకొకటి: పైథాన్‌ను మైనస్ గుర్తు, రెండు పెద్ద ఓ అక్షరాలతో నడిపితే డాక్‌స్ట్రింగ్‌లన్నీ తొలగిపోతాయి. కాలేజీ ల్యాబ్‌లో వివరణలు హఠాత్తుగా మాయమైతే ముందు చూడవలసింది ఆ ఐచ్ఛికాన్నే.

పైడాక్ తర్వాత మైనస్ బీ ఇస్తే వివరణలన్నీ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ఇది మన కంప్యూటర్ లోపలే నడిచే సర్వర్ కాబట్టి నెట్ లేని ల్యాబ్‌లోనూ పనిచేస్తుంది. మైనస్ డబ్ల్యూ ఇచ్చి పక్కన మాడ్యూల్ పేరు రాస్తే అదే ఫోల్డర్‌లో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ తయారవుతుంది. పైథాన్ లేని కంప్యూటర్‌లో కూడా ఆ ఫైల్ తెరుచుకుంటుంది గనుక, నమూనాలు నమోదు చేసే సిబ్బందికి ఏ గడిలో ఏ కొలమానం రాయాలో చెప్పడానికి దాన్ని నేరుగా ఇవ్వవచ్చు. క్లాస్‌లో వివరణ మార్చిన ప్రతిసారీ ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేయాలి, అది తనంతట తాను మారదు.